రేడియేటర్ మూత చెప్పే సంగతులు: పాత ఎస్‌యూవీలపై అపోహలు - వాస్తవాలు

పోయిన వేసవిలో ఒకే వారంలో మా షెడ్డుకు రెండు బండ్లు వచ్చాయి. ఒకే మోడల్, రెండూ 2012లో రిజిస్టరైనవే. మొదటిది ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారిది, మీటరు మీద 2,40,000 కిలోమీటర్లు. రెండోది ఒక కుర్రవాడు కొత్తగా కొన్న సెకండ్ హ్యాండ్ బండి. 68,000 కిలోమీటర్లే తిరిగిందని మురిసిపోతూ తెచ్చాడు. ఇంజన్లు చల్లారాక రెండింటి రేడియేటర్ మూతలూ తీశాను. మాస్టారి బండిలో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) పచ్చగా, అడుగు కనిపించేంత తేటగా ఉంది. రెండోదానిలో టీ డికాక్షన్ రంగు నీళ్లు. మూత అంచున వేలితో తుడిస్తే ఇసుకలా తుప్పు తగిలింది. నెల తిరగకుండానే ఆ బండి హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు, పోయింది.

ఇరవై రెండేళ్లుగా డీజిల్ బండ్ల కింద పడుకుని బతుకుతున్నవాడిని. "పాత ఎస్‌యూవీ కొనవచ్చా, నమ్మవచ్చా?" అని అడిగితే నేను ఏ కంపెనీ పేరూ చెప్పను. ఆ బండికి ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో ముందు చూపించమంటాను. అక్కడే చాలామంది తడబడతారు. వాళ్లు నాతో వాదించే మాటలే ఇవి.

అపోహ: తక్కువ తిరిగిన బండే మంచి బండి.

తిరిగితే అరిగేవి కొన్ని, ఊరికే నిలబడినా చెడేవి కొన్ని. సస్పెన్షన్ బుష్‌లు, హోస్ పైపులు, ఆయిల్ సీళ్లు రబ్బరువి. ఎండకూ ఇంజన్ వేడికీ ఎండిపోయి పగుళ్లిస్తాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే దాన్ని కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా రెండేళ్లకొకసారి మార్చమంటాం. ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు ఆ తేమ ఆవిరై పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఈ సంగతి తిరుమల కొండ దిగుతూ తెలుసుకోవడం కన్నా షెడ్డులో తెలుసుకోవడం మేలు.

టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2316 అంటే 2016లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. గాడులు అరగకుండా ఉన్నాయని అలాంటి పాత టైరును హైవే మీద నమ్ముకోకూడదు. ఇంటి నుంచి కూరగాయల మార్కెట్‌కు, మళ్లీ ఇంటికి, అంతే తిరిగే బండి ఇంజన్ సరిగా వేడెక్కదు. ఆయిల్‌లో చేరిన తేమకు ఆవిరైపోయే అవకాశం ఉండదు. ఇక నెలల తరబడి కవరు కింద నిద్రపోయే బండిలో ఎలుకలు కాపురం పెడతాయి. వైరింగ్ కొరికేశాయని ఏటా ఎన్ని బండ్లు వస్తాయో లెక్క పెట్టడం మానేశాను.

అయినా ఆ మీటరు నిజం చెబుతోందని హామీ ఏమిటి? కుర్రవాడి బండిలో బ్రేక్ పెడల్ రబ్బరు గీతలు పూర్తిగా చెరిగిపోయి నున్నగా ఉంది. డ్రైవర్ సీటు కుడి అంచు నలిగిపోయి ఉంది. 68,000 కిలోమీటర్లకు అంత అరుగుదల రాదు.

అపోహ: సర్వీస్ బుక్ నిండా ముద్రలుంటే బండిని బాగా చూసుకున్నట్టే.

ముద్ర అంటే ఆ రోజు బండి సర్వీసుకు వచ్చిందని. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, వాటర్ సర్వీసు, కారులో ఒక సుగంధపు డబ్బా, ఇంతటితో చాలా సర్వీసులు ముగుస్తాయి. గేర్‌బాక్స్ ఆయిల్, వెనక డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ఆయిల్, డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీళ్లు, యూనివర్సల్ జాయింట్లకు గ్రీజు, వీటి ఊసు ఎవరు ఎత్తుతారు? పదేళ్ల బండ్లకు డిఫరెన్షియల్ ప్లగ్గు విప్పబోతే చాలాసార్లు దాని మీద ఫ్యాక్టరీ పెయింటు చెక్కుచెదరకుండా ఉంటుంది. అంటే ఒక్కసారి కూడా పాన పడలేదన్నమాట.

మాస్టారి దగ్గర ముద్రల పుస్తకం ఎప్పుడో పోయింది. డాష్‌బోర్డు అరలో రూళ్ల నోటుపుస్తకం మాత్రం ఉంది. తేదీ, మీటరు అంకె, మార్చిన సామాను, ఇచ్చిన డబ్బు. ఒక చోట ఎర్ర సిరాతో "కూలెంట్ తర్వాత మార్చవలసిన తేదీ" అని రాసి కింద రెండు గీతలు కొట్టారు.

"మాస్టారూ, దీన్ని కూడా దిద్దారా?" అన్నాను.

"తప్పు నీది బాబూ. పోయినసారి తేదీ వేయకుండా బిల్లిచ్చావు" అన్నారు.

నిజమే. అప్పటి నుంచి బిల్లు మీద తేదీతో పాటు మీటరు అంకె కూడా రాస్తున్నాను. కొనేటప్పుడు మీరు అడగవలసింది ఇలాంటి బిల్లులనే.

అపోహ: కూలెంట్ దండగ, మంచి నీళ్లు పోస్తే చాలు.

మన ప్రాంతంలో ఇంజన్లను చంపే అపోహల్లో ఇదే మొదటిదని నా అభిప్రాయం. మా దగ్గర గడ్డ కట్టదు కదా, ఇక కూలెంట్ ఎందుకని అడుగుతారు. మంచు ప్రాంతాల్లో గడ్డ కట్టకుండా కాపాడేదీ, మన వేసవిలో త్వరగా మరగకుండా కాపాడేదీ అందులోని గ్లైకాలే. దానితో పాటు లోపలి లోహాలు తుప్పు పట్టకుండా ఆపే రసాయనాలుంటాయి. అవి కాలంతో పాటు ఖర్చయిపోతాయి. రంగు ఉన్నంత మాత్రాన పని చేస్తోందని కాదు, అందుకే గడువు ప్రకారం మార్చాలి.

మన బోరు నీళ్ల సంగతి ఇంట్లో గీజర్ కాయిల్ బయటికి తీసి చూస్తే తెలుస్తుంది. తెల్లగా సున్నం పెచ్చులు కట్టి ఉంటుంది. అదే సున్నం రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ కడుతుంది. చలికాలం బండి బాగానే నడుస్తుంది. మే నెలలో ఏసీ వేసి, ఏడుగురిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కితే ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటుతుంది. ఈ కాలపు ఇంజన్లలో హెడ్ ఎక్కువగా అల్యూమినియందే. బాగా కాగితే వంగిపోతుంది. ఆ హెడ్ మీద ఉక్కు బద్ద నిలబెట్టి, దాని కింద సందులోకి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూరుతుందో లేదో చూస్తాం. కుర్రవాడి బండి హెడ్ మీద అది దూరింది. ఆ ఖర్చుకు పదిహేనేళ్ల కూలెంట్ వచ్చి ఉండేది. ఇంకో మాట, ముల్లు పైకి పోతే "ఊరు దగ్గరే కదా" అనుకోకుండా ఇంజన్ ఆపేయండి. మూత మాత్రం వేడి మీద తీయకండి, ముఖం కాలుతుంది.

అపోహ: గేజ్ పుల్ల మీద ఆయిల్ నల్లగా ఉంటే పాడైనట్టే. పాత ఇంజన్‌కు చిక్కటి ఆయిల్ పోయాలి.

డీజిల్ ఇంజన్‌లో మసిని తనలో పట్టి ఉంచడమే ఆయిల్ పని. అందుకే మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. రంగు చూసి భయపడనక్కరలేదు, మట్టం తగ్గితే భయపడండి. ఇక చిక్కటి ఆయిల్ పొగను కొన్నాళ్లు కప్పిపెడుతుంది. అమ్మేవాళ్లకు అది చాలు. పొద్దున స్టార్ట్ చేసిన క్షణంలో పైన ఉన్న టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే ఫ్యాను) దాకా అది ఆలస్యంగా చేరుతుంది. కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే పోయండి.

అపోహ: ఆ కంపెనీ బండికి ఏమీ చేయకపోయినా నడుస్తుంది.

ఈ నమ్మకానికి మూలం నాకు తెలుసు. 2000లో వచ్చి 2005లో ఇన్నోవాకు చోటు వదిలిన టయోటా క్వాలిస్. టర్బో లేదు, కామన్ రైల్ లేదు, మెకానికల్ పంపు. ఎవరు ఎలా వాడినా సహించేది. ఆ ఓర్పును ఈనాటి డీజిల్ ఇంజన్ల నుంచి ఆశించకూడదు. కామన్ రైల్ ఇంజన్‌లో డీజిల్ వెయ్యి బార్ దాటిన ఒత్తిడితో చాలా సన్నని రంధ్రాల గుండా చిమ్ముతుంది. ఫిల్టర్ మార్చక కొంచెం నీళ్లు లోపలికి పోతే ఇంజెక్టర్ల బిల్లు చూసి కూర్చోవలసిందే. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దానికి ఆసరా పలుచని ఆయిల్ పొర ఒక్కటే. హైవే మీద దూసుకొచ్చి టీ కొట్టు దగ్గర టక్కున ఆపేస్తే ఆ ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. ఒక నిమిషం ఆగి ఆపితే పోయేదేమీ లేదు.

టైమింగ్ బెల్టు సంగతి మరీ ముఖ్యం. మొదటి తరం ఇన్నోవా డీజిల్‌కూ, 2009లో మన దేశానికి వచ్చిన మూడు లీటర్ల ఫార్చ్యూనర్‌కూ ఉన్నది బెల్టు. తర్వాతి తరం డీజిల్ ఇంజన్లకు చైన్ వచ్చింది. బెల్టు తెగే ముందు చప్పుడు చేయదు. తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి. మంచి పేరున్న ఇంజన్ కూడా ఆ ఒక్క రబ్బరు పట్టీ కోసం ముక్కలవుతుంది. మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని, కొన్న వారంలోనే మార్పించండి.

అపోహ: ఫోర్ వీల్ డ్రైవ్ ఎప్పుడూ వాడలేదు కాబట్టి కొత్తగానే ఉంటుంది.

వాడకపోతే లివర్ పట్టేస్తుంది, సీళ్లు ఎండుతాయి. నెలకొకసారి మట్టి రోడ్డు మీద వేసి కొంత దూరం నడపండి. సాధారణ పార్ట్ టైమ్ రకాన్ని (అవసరమైనప్పుడు మాత్రమే లివర్‌తో వేసేదాన్ని) పొడి తారు రోడ్డు మీద వేసి మలుపులు తిప్పకండి. ముందూ వెనకా చక్రాలు వేర్వేరు దూరాలు తిరగవలసి వచ్చి గేర్లు బిగుసుకుంటాయి.

అపోహ: ఢిల్లీ నుంచి వచ్చిన బండ్లన్నీ పనికిరానివే.

పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. దాంతో అక్కడ చవకగా అమ్ముడైన బండ్లు ఇక్కడి దాకా వచ్చాయి. వాటిలో చాలావాటిని బయటికి నెట్టింది వయసు నిబంధన, వాటి ఇంజన్ల నాణ్యతతో దానికి పని లేదు. మంచివీ ఉన్నాయి, కడిగి పాలిష్ కొట్టిన పనికిమాలినవీ ఉన్నాయి. ఎన్ఓసీ (పాత చోటి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్క వేసుకున్నాక ఆ చవక ఎంత మిగులుతుందో చూసుకోండి.

అపోహ: బాగా చూసుకుంటే ఏ బండైనా ఎన్నేళ్లైనా నడుస్తుంది.

ఇది చెబితే నా వ్యాపారానికి మంచిదే, కానీ నిజం కాదు. కొన్ని మోడళ్లకు పుట్టుకతోనే బలహీనతలుంటాయి. ఎంత శ్రద్ధ పెట్టినా అవి మళ్లీ వస్తాయి. విడిభాగాలు దొరకని మోడల్ దగ్గర ఓనరు శ్రద్ధ వట్టిదే. అన్నింటికీ మించి ఛాసిస్, అంటే బండిని మోసే ఇనుప చట్రం. సముద్రం దగ్గరి ఊళ్ల బండ్లలో ఉప్పు గాలికి అది లోపలి నుంచి తుప్పు పట్టిపోతుంది. అడుగున కొత్తగా నల్ల కోటింగ్ కొట్టిన బండి కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది.

మచిలీపట్నం నుంచి ఒకాయన బండి తెచ్చారు. ఇంజన్ గడియారంలా కొట్టుకుంటోంది, ఆయిల్ బిల్లులన్నీ ఫైలు కట్టి ఉన్నాయి. లిఫ్ట్ ఎక్కించి వెనక చక్రం దగ్గర ఛాసిస్ మీద స్క్రూడ్రైవర్‌తో నొక్కాను. నల్ల కోటింగ్‌ను చీల్చుకుని పిడి దాకా లోపలికి పోయింది. "వెల్డింగ్ చేస్తే నిలబడదా అన్నా?" అన్నారు. స్క్రూడ్రైవర్ బయటికి లాగితే, ఆ కన్నంలోంచి పిడికెడు ఎర్ర పొట్టు నేల మీద రాలింది. ఆయన వంగి దాన్ని చూసి, ఇక వెల్డింగ్ మాట ఎత్తలేదు.