అవార్డుకు అయ్యవారే అర్జీ పెట్టుకోవాలా?

చిత్తూరు

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్ని అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు తోచక ఉత్తరం రాస్తానన్నాను. “మన గొప్ప మనమే చెప్పుకోకూడదని మాకు చెప్పే సారు, జాతీయ ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారానికి తానే దరఖాస్తు పెట్టుకున్నారట. అది తప్పు కాదా తాతా?” అని కదా నీ సందేహం?

మన చిత్తూరు బెల్లం మండీ సంగతి చెబితే నీకు సులభంగా తెలుస్తుంది. గానుగ దగ్గర ఎంత మంచి బెల్లం వండినా, దానిని బండికెత్తి మండీకి తెచ్చి కుప్ప పోసేవరకు ఎవరూ ధర కట్టరు. ఫలానా ఊళ్లో ఫలానా రైతు బెల్లం బాగుంటుందట అని వ్యాపారి తనంతట తాను పొలాల వెంట తిరగడు. తెచ్చిన బెల్లాన్ని చిటికెడు గిల్లి నోట వేసుకుని, రంగు చూసి, గట్టిదనం చూసి పాట మొదలుపెడతారు. తన సరుకు తానే తెచ్చాడని ఆ రైతును గొప్పలు చెప్పుకునేవాడని ఎవరైనా అంటారా?

పురస్కారం కూడా అంతే. 1958లో ఈ జాతీయ పురస్కారాలు మొదలయ్యాక చాలా ఏళ్లపాటు రాష్ట్ర ప్రభుత్వాలే పేర్లు ఎంపిక చేసి ఢిల్లీకి పంపేవి. 2018లో ఆ పద్ధతి మారింది. ఇప్పుడు అయ్యవారే ఆన్‌లైన్‌లో తన వివరాలు నింపి, చేసిన పనికి ఆధారంగా ఫోటోలు, వీడియోలు, పత్రాలు జతపరచాలి. జిల్లా విద్యాశాఖాధికారి అధ్యక్షతన ఉండే కమిటీ వాటిని పరిశీలించి కొన్ని పేర్లను రాష్ట్రానికి పంపితే, రాష్ట్ర కమిటీ మళ్లీ వడపోసి ఢిల్లీకి పంపుతుంది. అక్కడ ఎంపికైనవారికి సెప్టెంబరు 5న రాష్ట్రపతి చేతుల మీదుగా యోగ్యతాపత్రం, వెండి పతకం, 50,000 రూపాయలు అందుతాయి. మూడు చోట్ల మూడు సార్లు బెల్లం గిల్లి చూస్తారన్నమాట. డబ్బు తీసుకుని ట్యూషన్లు చెప్పేవారి సరుకును మాత్రం మండీ గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ నిబంధన నాకు చాలా నచ్చింది.

సెప్టెంబరు 5 సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజని మీకు బడిలో చెప్పే ఉంటారు. ఆయన పుట్టిన తిరుత్తణి, 1960లో సరిహద్దులు సవరించేదాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేదనీ, చిన్నప్పుడు ఆయన మీ తిరుపతిలోనే లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నారనీ చెప్పారో లేదో! 1954లో తొలిసారి భారతరత్న ఇచ్చినప్పుడు అందుకున్న ముగ్గురిలో ఈ అయ్యవారు ఒకరు. 1962లో ఆయన రాష్ట్రపతి అయిన ఏడాది నుంచే ఆ రోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

బెల్లం అన్నాను కాబట్టి మా అయ్యవారి మాట కూడా చెప్పాలి. నా చిన్నతనంలో చెరకు నరికే కాలం వస్తే మా బడి సగం ఖాళీ అయ్యేది. పిల్లలమంతా గానుగ దగ్గర చెరకు గడలు అందిస్తూనో, పొయ్యిలోకి ఎండు పిప్పి ఎగదోస్తూనో ఉండేవాళ్లం. హాజరు పట్టీలో సున్నాలు చుట్టి ఊరుకోకుండా, ఆయన సాయంత్రం సైకిలు మీద గానుగ దగ్గరికే వచ్చేవారు. చొక్కా జేబులో అరిగిపోయిన బలపం ముక్కలుండేవి. పిప్పి కుప్ప మీద కూర్చుని, మండీలో దళారి మా నాన్నకు ఇచ్చిన చీటీని విప్పి, ఎన్ని మణుగుల బెల్లానికి ఎంత ధర, అందులో నూటికి ఎంత తరుగు పోయింది, ఎంత కమీషను పట్టుకున్నారు అని మా చేతనే లెక్క కట్టించేవారు. శాతాలు నేను నేర్చుకున్నది అక్కడే. పెనం అంచున మిగిలిన పాకం మా వేళ్లకు అంటుకుని పలక మీద అంకెలన్నీ జిగురుగా మారినా ఆయన కోప్పడేవారు కారు.

ఆయనకు ఏ పురస్కారమూ రాలేదు. రాకపోవడం అన్యాయమని నేను అనను. ఆయన ఆ పనిని ఎవరికీ చూపించలేదు, మేమూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో పిల్లలు తినేసే బెల్లం మండీ పాటలోకి రాదు కదా! కమిటీ ముందుకు ఫోటోలు వస్తాయి, పత్రాలు వస్తాయి. పిప్పి కుప్ప మీద కూర్చున్న సాయంత్రాలు ఎట్లా వస్తాయి? అందుకే తన పనిని కాగితం మీద పెట్టి చూపగల అయ్యవారిని తప్పు పట్టవద్దు, చూపని అయ్యవారిని తక్కువగా చూడవద్దు. పద్మ పురస్కారాలకైతే తగినవారి పేరును పౌరులెవరైనా సూచించవచ్చు, పెద్దయ్యాక గుర్తుపెట్టుకోండి.

మీ సారుకు ఈసారి వస్తుందో రాదో నేను చెప్పలేను. నువ్వు మాత్రం ఒక పని చెయ్యి చిన్నీ. లెక్కల నోటు పుస్తకం దిద్ది తిరిగి ఇచ్చినప్పుడు, తప్పు లెక్క మీద ఆయన అడ్డగీత గీసి వదిలేశారా, ఏ మెట్టు దగ్గర తప్పిందో అక్కడే సున్న చుట్టారా అని చూడు. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడి పుస్తకం కూడా అడిగి చూడు. చూసినదంతా నాకు ఉత్తరం రాయి. అక్షరాలు కొంచెం పెద్దవిగా ఉండనీ, నా కళ్లజోడు పాతది.

ఇట్లు,
మీ తాత