మౌనం అంగీకారమా, నిరాకరణా? హవాయి తుపాకీ కేసు వెనక కథ

మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. అమెరికా సుప్రీంకోర్టు 2026 జనవరి 20న వాదనలు విన్న తుపాకీ కేసు సరిగ్గా ఈ మాట చుట్టూనే తిరుగుతోంది. జేబులో ప్రభుత్వం ఇచ్చిన పర్మిట్, చొక్కా కింద నడుముకి తుపాకీ ఉన్న మనిషి గ్యాస్ స్టేషన్‌లో ఆగి, డబ్బు కట్టడానికి లోపలికి వెళ్లబోతాడు. తలుపు మీద 'తుపాకీలు తేవద్దు' అని బోర్డు లేదు. 'తేవచ్చు' అనీ లేదు. ఓనర్ ఏమీ అనలేదు. ఆ అనకపోవడాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 'రావచ్చు' అని. హవాయిలో మాత్రం 'రాకూడదు' అని. గడప దాటితే నేరం, ఏడాది దాకా జైలు పడొచ్చు.

మావీ దీవిలో ఉండే ముగ్గురు పర్మిట్‌దారులు, హవాయి తుపాకీ యజమానుల సంఘం కలిసి వేసిన ఈ కేసు పేరు వుల్ఫర్డ్ వర్సెస్ లోపెజ్. 2026 జూన్ చివరికల్లా తీర్పు వస్తుందన్నది అప్పటి అంచనా. వాదనల రోజున ఎక్కువమంది జడ్జీలు హవాయి చట్టాన్ని అనుమానంగానే చూశారు. ఆ రోజు నుంచి పర్మిట్ ఉన్నవాళ్ల ఇళ్లలో మళ్లీ ఇదే చర్చ.

తుపాకీ హక్కు గురించి చెప్పే రాజ్యాంగ రెండో సవరణ సంగతి, ఇంట్లో తుపాకీ పెట్టుకోవడం హక్కేనన్న 2008 నాటి హెల్లర్ తీర్పు సంగతి చాలామందికి తెలిసినవే. వాటిని మళ్లీ చెప్పను. ఇవాళ్టి తగువు అర్థం కావాలంటే 2022లో ఎనిమిది రోజులు చూస్తే చాలు. జూన్ 23 నుంచి జులై 1 దాకా.

జూన్ 23న బ్రూయెన్ కేసులో తీర్పు వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రం పైభాగంలోని రెన్సెలీర్ కౌంటీకి చెందిన ఇద్దరు మగవాళ్లు అంతకుముందు పర్మిట్ కోసం అర్జీ పెట్టారు. వేటకి, గురి ప్రాక్టీసుకి అయితే తీసుకెళ్లండి, మామూలుగా బయట తిరిగేటప్పుడు కుదరదని అక్కడి అధికారి తేల్చాడు. ఒకాయన తన పేటలో వరుసగా దోపిడీలు జరుగుతున్నాయని చెప్పుకున్నాడు. అయినా లాభం లేకపోయింది. ఎందుకంటే అప్పటి న్యూయార్క్ చట్టం 'తగిన కారణం' చూపించమనేది. తగిన కారణం అంటే నలుగురికీ ఉండే భయం సరిపోదు, నీకొక్కడికే ప్రత్యేకంగా ప్రమాదం ఉందని రుజువు చెయ్యాలని అక్కడి కోర్టులు ఎప్పుడో చెప్పేశాయి.

2021 నవంబరులో ఈ కేసు వాదనల్లో జస్టిస్ అలీటో వేసిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తు. మాన్‌హాటన్‌లో రాత్రి పొద్దుపోయాక డ్యూటీ దిగేవాళ్లు ఉంటారు కదా: ఆఫీసులు శుభ్రం చేసేవాళ్లు, అపార్ట్‌మెంట్ కాపలాదారు, నర్సు, హోటల్లో గిన్నెలు కడిగేవాళ్లు. వాళ్లు సబ్‌వే ఎక్కి, బస్సు మారి, నేరాలు ఎక్కువున్న పేటలో నడుచుకుంటూ ఇంటికి వెళ్లాలి. వాళ్లకి పర్మిట్ వస్తుందా అని ఆయన అడిగారు. ప్రత్యేకమైన బెదిరింపు ఏదీ లేకపోతే రాదు అన్నదే రాష్ట్రం జవాబు సారాంశం. నా మటుకు నాకు కేసు అక్కడే తేలిపోయింది.

ఆరుగురు జడ్జీలు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. జస్టిస్ థామస్ రాసిన తీర్పుతో న్యూయార్క్ 'తగిన కారణం' నిబంధన పోయింది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మేరీలాండ్, మసాచుసెట్స్, హవాయిల్లో ఉన్న అలాంటి నిబంధనలకూ కాలం చెల్లింది. ఇకమీదట ఏ ఆంక్ష నిలబడాలన్నా దేశ చరిత్రలో దానికి పోలిక చూపించాలన్నది కోర్టు పెట్టిన కొత్త కొలమానం. బడులు, ప్రభుత్వ భవనాల లాంటి సున్నితమైన చోట్ల తుపాకీలు ఆపొచ్చని ఒప్పుకుంటూనే, జనం ఎక్కువ, పోలీసులు ఉన్నారు అన్న వంకతో మాన్‌హాటన్ దీవి మొత్తాన్ని సున్నిత ప్రాంతం అనడం కుదరదని థామస్ ముందే హెచ్చరించారు.

ఎనిమిదో రోజున, అంటే జులై 1న, న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీలో అసెంబ్లీని ప్రత్యేకంగా సమావేశపరిచి గవర్నర్ హోకల్ కొత్త చట్టం మీద సంతకం పెట్టారు. ఆ తొందరకి కారణం ఉంది. మే 14న ఆవిడ సొంత ఊరు బఫెలోలో ఒక సూపర్‌మార్కెట్లో పదిమంది నల్లజాతి వాళ్లను కాల్చి చంపారు. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉంది. ఆ భయం నిజమైనది, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ చట్టం ఏం చేసిందో చూడాలి. 16 గంటల క్లాసు, 2 గంటలు కాల్చే ప్రాక్టీసు, మంచివాడని చెప్పే నలుగురి పేర్లు, గత మూడేళ్ల సోషల్ మీడియా ఖాతాల వివరాలు. టైమ్స్ స్క్వేర్, పార్కులు, థియేటర్లు, బార్లు, సబ్‌వే అన్నీ నిషిద్ధం. వీటన్నిటికంటే పెద్ద మెలిక వేరే ఉంది. ప్రైవేటు స్థలం ఏదైనా సరే, ఓనర్ 'తేవచ్చు' అని బోర్డు పెడితే తప్ప, లేదా నోటితో చెబితే తప్ప, తుపాకీతో అడుగు పెట్టకూడదు.

'ఎవరికి' అన్న ప్రశ్నలో ఓడిపోయిన రాష్ట్రాలు 'ఎక్కడ' అన్న ప్రశ్నకి మారాయి. న్యూజెర్సీ అదే ఏడాది డిసెంబరులో, మేరీలాండ్, హవాయి, కాలిఫోర్నియా 2023లో ఇదే దారి పట్టాయి. మొత్తం అయిదు రాష్ట్రాలు. పర్మిట్ చేతికిచ్చి, దాన్ని పట్టుకుని వెళ్లగలిగే చోటు లేకుండా చేశారన్నది పర్మిట్‌దారుల ఫిర్యాదు. కాగితం మీద హక్కు ఉంది, కాలు పెట్టే నేల లేదు.

వాళ్లకి ఇంత మంట ఎందుకో తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి పోవాలి. న్యూయార్క్‌లో పిస్తోలుకి లైసెన్స్ ఉండాలన్న సలివన్ చట్టం 1911లో వచ్చింది, 'తగిన కారణం' అన్నది 1913లో చేరింది. ఆ తొలి రోజుల్లో జైలుకెళ్లినవాళ్లలో ఇటాలియన్ వలస కూలీలు ఉన్నారు. ఆ తర్వాత వందేళ్లకి పైగా నగరంలో పర్మిట్ ఇవ్వడం, ఇవ్వకపోవడం పోలీసు అధికారి చేతిలోనే ఉంది. మాన్‌హాటన్ రియల్ ఎస్టేట్ వ్యాపారిగా ఉన్నప్పుడు డోనల్డ్ ట్రంప్ దగ్గర ఆ పర్మిట్ ఉండేది. 2017లో నగర పోలీసుల లైసెన్స్ విభాగంలో పనిచేసిన అధికారుల మీద లంచాల కేసులే నడిచాయి. ఆఫీసరు దయాదాక్షిణ్యాల మీద ఆధారపడ్డ పర్మిట్ ఎవరికి దొరుకుతుందో మన దేశంలో ఏదో ఒక ఆఫీసు మెట్లెక్కినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

దక్షిణాదిలో ఇంకా ఘోరం. 1956 జనవరి 30న అలబామాలోని మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. భార్య, పసిబిడ్డ లోపలే ఉన్నారు. ఆ తర్వాత ఆయన తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి పర్మిట్‌కి అర్జీ పెట్టుకున్నారు. ఇవ్వలేదు. ఇంటి వరండాలో బాంబు పేలిన మనిషి కూడా అధికారి కంటికి ఆనలేదంటే 'తగిన కారణం' అన్న మాటకి అర్థం ఏముంటుంది?

బ్రూయెన్ కేసులో అందరినీ ఆశ్చర్యపరిచిన అభిప్రాయ పత్రం (కేసులో లేని బయటివాళ్లు కోర్టుకిచ్చేది) కూడా ఇలాంటి అనుభవాల నుంచే వచ్చింది. న్యూయార్క్‌లో పేదల తరఫున ఉచితంగా వాదించే లాయర్లు, లీగల్ ఎయిడ్‌లోని నల్లజాతి న్యాయవాదులు, బ్రాంక్స్ డిఫెండర్స్ వాళ్లు కలిసి తుపాకీ యజమానుల పక్షాన నిలబడ్డారు. లైసెన్స్ లేని తుపాకీ కేసుల్లో తమ దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ నల్లజాతి, హిస్పానిక్ వాళ్లేనని కోర్టుకి చెప్పారు. మామూలుగా ఈ లాయర్లు, తుపాకీ సంఘాలు ఒక గదిలో కూర్చోవడమే అరుదు.

ఇక హవాయి. బ్రూయెన్ ముందు అక్కడ మామూలు పౌరుడికి బయట తుపాకీ పట్టుకెళ్లే అనుమతి దొరకడం దాదాపు లేనట్టే. తీర్పు తర్వాత పర్మిట్లు ఇవ్వక తప్పలేదు. 2023 జూన్‌లో గవర్నర్ జోష్ గ్రీన్ సంతకంతో వచ్చిన చట్టం (దాని నంబరు 52) బీచ్‌లు, పార్కులు, బ్యాంకులు, మద్యం అమ్మే రెస్టారెంట్లు నిషిద్ధమంది. మిగిలిన దుకాణాలన్నిటికీ ఓనర్ అనుమతి కావాలంది. మావీ కౌంటీలో జనం తిరిగే నేలలో 96 శాతానికి పైగా తమకు మూసుకుపోయిందని పిటిషనర్లు లెక్క కట్టి కోర్టు ముందు పెట్టారు. పొద్దున్నే బయల్దేరిన మనిషి పెట్రోలు పోయించుకుని, మందుల షాపుకి వెళ్లి, కూరగాయలు కొనుక్కుని రావాలంటే ప్రతి గుమ్మం దగ్గరా తుపాకీ తీసి కారులో దాచాలి. లేదా తుపాకీ బయట వదిలేసి లోపలికి వెళ్లి, వరసలో నిలబడి, కౌంటర్ దగ్గరున్న కుర్రాడిని 'తుపాకీ తెచ్చుకోవచ్చా' అని అడగాలి. ఆ కుర్రాడికి అనుమతిచ్చే అధికారం ఉందో లేదో వాడికే తెలియదు. కారులో వదిలిన తుపాకీ దొంగలకి దొరికితే ఎవరికి మంచిది?

రాష్ట్రం వాదన కూడా చెప్పాలి. నా స్థలంలోకి ఎవరు రావాలో తేల్చేది నేను, చట్టం ఆ హక్కునే కాపాడుతోంది అంటుంది హవాయి. రాజుల కాలంలో, 1833లోనే మూడో కమేహమేహా ప్రమాదకరమైన ఆయుధాలు దగ్గర ఉంచుకోకూడదని శాసనం చేశాడని, తమ నేలకి తుపాకీ సంప్రదాయం లేదని కూడా అంటుంది. 2024లో హవాయి సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఇదే ధోరణిలో రాసింది.

కింది కోర్టు చట్టంలో చాలా భాగాన్ని ఆపింది. 2024 సెప్టెంబరులో పశ్చిమ రాష్ట్రాల కేసులు చూసే తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు మాత్రం ఓనర్ అనుమతి నిబంధనను నిలబెట్టింది. అదే తీర్పులో కాలిఫోర్నియా నిబంధన చెల్లదంది. తేడా ఏమిటంటే కాలిఫోర్నియాలో బోర్డే పెట్టాలి, హవాయిలో నోటిమాట కూడా చాలు. అంతకుముందే 2023 డిసెంబరులో న్యూయార్క్ వైపు కేసులు చూసే రెండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, జనం వచ్చిపోయే దుకాణాల విషయంలో న్యూయార్క్ నిబంధన నిలబడదని చెప్పింది. ఒకే రాజ్యాంగానికి రెండు కోర్టులు రెండు అర్థాలు చెప్పడంతో 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ ఒక్క ప్రశ్నను మాత్రమే విచారణకు తీసుకుంది. బీచ్‌లు, బార్ల గొడవ ఇందులో లేదు.

చరిత్రలో పోలిక చూపించమన్నారు కదా. హవాయి ముఖ్యంగా రెండు పాత చట్టాలు చూపించింది. ఒకటి 1771 నాటి న్యూజెర్సీ చట్టం. దాని పేరులోనే ఉంది, జింకల్ని, వేట జంతువుల్ని కాపాడటానికని. పరాయివాడి పొలంలో దొంగవేట ఆపడానికి చేసింది, కిరాణా కొట్టుకి దానితో పనేమిటి? రెండోది 1865 నాటి లూసియానా చట్టం. బానిసత్వం పోయిన ఏడాది అది. విడుదలైన నల్లజాతి వాళ్లను మళ్లీ కట్టడిలో పెట్టడానికి దక్షిణాది రాష్ట్రాలు చేసిన 'బ్లాక్ కోడ్స్' కాలం. తోటల యజమాని ఒప్పుకోకుండా ఆ తోటలో తుపాకీ పట్టుకోకూడదని ఆ చట్టం. ఆ రోజుల్లో భూమి ఎవరిదో, ఆ భూమి మీద బతికేది ఎవరో తెలిసినవాళ్లకి అది ఎవరి చేతిలో తుపాకీ లాక్కోవడానికి చేసిందో తెలుసు. జనవరి వాదనల్లో జడ్జీల మధ్య గట్టిగా చర్చ నడిచింది దీని మీదే. అలాంటి చట్టాన్ని ఇవాళ సంప్రదాయంగా చూపించడం నాకైతే మింగుడు పడలేదు.

న్యూజెర్సీలో నాకు తెలిసిన ఒక తెలుగాయన లిక్కర్ షాపు నడుపుతారు. రాత్రి షాపు మూసి, ఆ రోజు నగదు సంచితో కారు దాకా నడవాలి. ఆ ముప్పై అడుగులే టెన్షన్ అంటారు. 2022కి ముందు పర్మిట్ గురించి అడిగితే, మీ మీద ఇంతకు ముందు దాడి జరిగిందా అని అడిగారట. జరిగాక అడిగితే ఏం లాభం అన్నది ఆయన బాధ. బ్రూయెన్ తర్వాత 200 డాలర్ల ఫీజు కట్టి, నలుగురి సాక్ష్యం తెచ్చి, గురి పరీక్ష పాసై పర్మిట్ తీసుకున్నారు. ఈలోగా రాష్ట్రం ఓనర్ అనుమతి నిబంధన తెచ్చింది, ఫెడరల్ కోర్టు దాన్ని ఆపింది.

మన పిల్లలకి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇందులో పొరపాటు పడేవాళ్లు ఉన్నారు. స్టూడెంట్ వీసా, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఈ తీర్పు ఎలా వచ్చినా ఒరిగేది లేదు. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే వాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ నేరం. రూమ్మేట్‌ది చేతిలోకి తీసుకుని ఫొటో దిగినా చిక్కే. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ల సంగతి వేరు.

మొన్న ఫోన్‌లో ఆ షాపు ఆయన్ని అడిగాను, మరి మీ తలుపు మీద ఏం రాశారండీ అని. ఏమీ రాయలేదట. తేవచ్చని రాస్తే సగం మంది కస్టమర్లు భయపడతారు, వద్దని రాస్తే మిగతా సగం మంది మొహం తిప్పుకుంటారు. "నేను ఇటూ అనను, అటూ అనను తమ్ముడూ. కానీ నేను అనని మాటని గవర్నమెంటు నా పేరు మీద అనేస్తే ఎలా?" అన్నారు.