తప్పు మనసుదా, రక్తనాళాలదా? అంగస్తంభన సమస్యకు కారణం వెతికిన కథ

1980లో ఒక యూరాలజీ పత్రికలో అచ్చయిన పరీక్ష ఇది. విడదీయని తపాలా బిళ్లల వరస ఒకటి తీసుకోవాలి. రాత్రి పడుకోబోయే ముందు పురుషాంగం చుట్టూ ఉంగరంలా తిప్పి, చివరి బిళ్లను తడిపి మొదటి బిళ్ల మీద అంటించాలి. పైన లోదుస్తు వేసుకుని పడుకోవాలి. తెల్లారి చూసుకుంటే బిళ్లల మధ్య చిల్లుల గీత తెగి ఉందా, నిద్రలో అంగం గట్టిపడినట్టు. తెగలేదా, గట్టిపడనట్టు. యంత్రం లేదు, కరెంటు లేదు, పెద్ద ఖర్చూ లేదు.

నవ్వొచ్చే మాట నిజమే. దాని వెనకున్న ప్రశ్న మాత్రం ఎందరి కాపురాలనో కుదిపింది. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి రాత్రి నిద్రలో, ఎక్కువగా కలలొచ్చే దశలో, మూడు నుంచి అయిదుసార్లు తనకు తెలియకుండానే అంగస్తంభన జరుగుతుంది. నిద్రలో ఇలా విడతలు విడతలుగా జరుగుతుందని 1944లో జర్మన్ పరిశోధకులు గమనించారు. 1960ల్లో నిద్ర మీద పనిచేసినవాళ్లు దాన్ని కలల దశతో ముడిపెట్టారు. దాంతో డాక్టర్లకు ఒక ఉపాయం దొరికింది. మెలకువలో రానిది నిద్రలో వస్తోందంటే నరాలూ నాళాలూ బాగానే ఉన్నట్టు, చిక్కు మనసులో ఉన్నట్టు. నిద్రలోనూ రావడం లేదంటే ఒంట్లోనే ఏదో తేడా ఉన్నట్టు. మనిషి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాలా, సర్జన్ దగ్గరికి వెళ్లాలా అన్నది ఆ కాగితపు చిల్లులు తేల్చేవి.

మనసా, ఒళ్లా అన్న ఈ తగువు తపాలా బిళ్లలకంటే చాలా పాతది. ప్రాచీన ఆయుర్వేద గ్రంథాల్లో దీని పేరు క్లైబ్యం. చరకుడు నాలుగు కారణాలు చెప్పాడు. అందులో ముసలితనం ఒకటి. సుశ్రుతుడి లెక్క ఆరు. ఆ ఆరింటిలో మొదటిది మనసు: ఇష్టంలేని మనిషితో కలవాల్సి రావడం, మనసు విరిగిపోవడం. ఆ తర్వాత తిండిలో అతి, సంభోగంలో అతి, అంగానికి వచ్చిన పెద్ద జబ్బు లేదా మర్మస్థానం తెగడం, పుట్టుకతో వచ్చిన లోపం, ఇలా సాగుతుంది. మనసునూ గాయాన్నీ పక్కపక్కనే కూర్చోబెట్టిన జాబితా అది. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాల్లో వాజీకరణం, అంటే సంభోగశక్తిని పెంచే వైద్యం, ఒకటి కావడం వల్ల ఈ విషయానికి అప్పట్లో గౌరవస్థానమే ఉండేది. కాలక్రమంలో జాబితా మరుగునపడి లేహ్యం మాత్రం జనంలో మిగిలింది. కారణం ఏమిటని అడగకుండా మందు ఇచ్చే అలవాటు అక్కడినుంచే వచ్చిందని నా అనుమానం.

యూరప్‌లో 15వ శతాబ్దం చివర్లో కారణం చేతబడి. మంత్రగత్తెలు మగవాళ్ల శక్తిని కట్టేస్తారని, అంగాన్నే మాయం చేస్తారని మతాధికారులు గ్రంథాలు రాశారు. చర్చి చట్టం ప్రకారం భర్త అసమర్థుడైతే పెళ్లి రద్దవుతుంది కాబట్టి విషయం కోర్టుకెక్కేది. ఫ్రాన్స్‌లో దీన్ని తేల్చడానికి ఒక విచారణ పద్ధతి పెట్టారు. నిపుణులుగా నియమించిన వైద్యులూ మంత్రసానులూ ఉన్న చోట, తెర వేసిన మంచం మీద, నిర్ణీత సమయంలో భార్యాభర్తలు కలవాలి. పని పూర్తయ్యాక వాళ్లు వచ్చి పరీక్షిస్తారు.

1659లో మార్కీ ద లాంజే అనే ప్రభువు ఈ పరీక్షకు కూర్చున్నాడు. అతని భార్య పెళ్లయిన కొన్నేళ్లకు భర్త అసమర్థుడని కేసు వేసింది. తన మీద నమ్మకంతో ఈ పరీక్ష కావాలని కోరింది అతనే. బయట పారిస్ జనం గుమిగూడి ఉన్నారు. గడియారం నడుస్తోంది. అతని వల్ల కాలేదు. పెళ్లి రద్దయింది, మళ్లీ పెళ్లి చేసుకోకూడదని కోర్టు ఆంక్ష పెట్టింది. అతను ఆ ఆంక్షను పక్కనబెట్టి ఇంకొకామెను చేసుకున్నాడు. ఏడుగురు పిల్లలు పుట్టారు. ఇంకేం చెప్పాలి? 1677లో పారిస్ పార్లమెంటు (పేరుకు పార్లమెంటే గానీ అది ఉన్నత న్యాయస్థానం) ఆ పరీక్షను రద్దు చేసింది. కంగారు పెడితే ఎవరికైనా ఆగిపోతుందని రుజువు చేయడానికి ఇంతకంటే మంచి ప్రయోగం తర్వాత మూడు వందల ఏళ్లలో ఎవరూ చేయలేదు. కాకపోతే అప్పట్లో దాన్ని ఎవరూ ప్రయోగంగా చూడలేదు.

అదే కాలంలో ఇంకోపక్క శరీరం కోసి చూసేవాళ్లు తమ దారిన తాము పోతున్నారు. గ్రీకుల నాటినుంచి అంగంలో నిండేది గాలి అని నమ్మకం. ఉరితీసిన మనుషుల శవాలను చూసిన లియొనార్డో డా విన్సీ అది గాలి కాదు, నెత్తురు అని రాసిపెట్టుకున్నాడు. 1668లో డచ్ వైద్యుడు రెనియర్ ద గ్రాఫ్ శవం కటిభాగంలోని ధమనిలోకి నీళ్లెక్కించి అంగాన్ని నిలబెట్టి చూపించాడు. 1863లో జర్మనీలో ఎకార్డ్ కుక్కల కటిభాగంలోని నరాలకు కరెంటు తగిలించి అదే పని చేశాడు. అంటే నెత్తురు, ధమని, నరం అనే మూడు ముక్కలూ 19వ శతాబ్దానికే చేతిలో ఉన్నాయి. రోగి దగ్గరికి మాత్రం ఆ మాట చేరలేదు.

రోగికి చేరింది వేరే మాట. 1760లో స్విస్ వైద్యుడు తిసో హస్తప్రయోగం వల్ల సకల రోగాలూ వస్తాయని రాశాడు. వందేళ్లకు పైగా యూరప్ వైద్యులు దాన్నే వల్లించారు. శాస్త్రపరంగా దానికి ఏ ఆధారమూ లేదు. అయినా ఆ భయం ఇప్పటికీ పోలేదు. పెళ్లికి ముందు చేసినదాని ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నానని కుమిలిపోయే కుర్రాళ్లు ఎందరో. ఆ కుమిలిపోవడమే వాళ్ల సమస్య కావచ్చన్నది వేరే సంగతి.

తర్వాత వంతు గ్రంథులది. 1889లో 72 ఏళ్ల బ్రౌన్ సెకార్ కుక్కల, గినీ పందుల వృషణాల సారాన్ని తనకు తానే ఎక్కించుకుని, ఒళ్లు తేలికపడిందని, బలం వచ్చిందని ప్రకటించాడు. నరాల శాస్త్రంలో పేరున్న మనిషి కావడంతో లోకం నమ్మింది. 1920ల్లో పారిస్‌లో వొరొనాఫ్ అనే సర్జన్ కోతి వృషణాల ముక్కలను డబ్బున్నవాళ్లకు అతికించాడు. అమెరికాలో బ్రింక్లీ అనే ఆయన మేక వృషణాలతో ఆస్తులు కూడబెట్టాడు. 1935లో అసలు హార్మోను టెస్టోస్టెరాన్ బయటపడేసరికి ఈ తంతు చల్లబడింది. ఆ హార్మోను తగ్గితే ముందు తగ్గేది కోరిక. కోరిక ఉండీ ఒళ్లు సహకరించనివాళ్లలో ఎక్కువమందికి హార్మోను మామూలుగానే ఉంటుంది. ఇప్పటికీ ఆ ఇంజెక్షన్ అడిగి వేయించుకునేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇది.

గ్రంథులు నిరాశపరిచాక కుర్చీ ఖాళీ అయింది. మనసు వచ్చి కూర్చుంది. ఫ్రాయిడ్ 1912లోనే మానసిక అసమర్థత గురించి రాశాడు. ప్రేమించినచోట కోరిక పుట్టదు, కోరిక పుట్టినచోట ప్రేమించలేరు అన్నది ఆయన వాదన. 1970లో అమెరికా లైంగిక పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ జంట ఇదే విషయాన్ని పడగ్గదిలోకి తెచ్చి సూటిగా చెప్పారు. ఒకసారి విఫలమైన మగవాడు రెండోసారి పాల్గొనడం మానేసి, జరుగుతుందా లేదా అని తనను తాను గమనిస్తూ కూర్చుంటాడు. సొంత పడకమీద తానే ప్రేక్షకుడు. చూస్తున్నకొద్దీ జరగదు. గొప్ప పరిశీలన. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, పదిలో తొమ్మిది కేసులు మానసికమేనని ఆ తరం వైద్యులు గుడ్డిగా నమ్మేశారు. ఫ్రెంచ్ సర్జన్ లరీష్ 1923 నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు: పొట్టలో మహాధమని రెండుగా చీలేచోట అడ్డుపడితే నడుస్తుంటే కాళ్లు లాగుతాయి, తొడల దగ్గర నాడి అందదు, అంగస్తంభన పోతుంది అని. సర్జన్లు విన్నారు. మిగతావాళ్లు షుగర్ రోగినీ సిగరెట్ల మీద సిగరెట్లు కాల్చేవాణ్నీ కూర్చోబెట్టి చిన్నతనం గురించి అడుగుతూ పోయారు.

తగువు మలుపు తిరిగింది ఒక పొరపాటు వల్ల. పారిస్‌లో రక్తనాళాల సర్జన్ రొనాల్డ్ విరాగ్, ఆపరేషన్ చేస్తుండగా నాళాలను సడలించే పపావరిన్ అనే మందు అనుకోకుండా అంగానికి వెళ్లే ధమనిలోకి ఎక్కింది. మత్తులో ఉన్న రోగికి అంగం గట్టిపడింది, అలాగే చాలాసేపు ఉండిపోయింది. ఆయన 1982లో ఈ సంగతి ప్రకటించాడు. దాదాపు అదే సమయంలో లండన్‌లో జైల్స్ బ్రిండ్లీ అనే శరీరశాస్త్రవేత్త రకరకాల మందులను తనకు తానే గుచ్చుకుని చూస్తున్నాడు. 1983లో లాస్‌వేగస్‌లో అమెరికా యూరాలజిస్టుల సభ. సాయంత్రం ఉపన్యాసం. అప్పటికే సగంమంది విందుకు వెళ్లే బట్టల్లో, భార్యలతో వచ్చారు. బ్రిండ్లీ వదులైన ట్రాక్‌సూట్‌లో వేదికెక్కాడు. ఫలితాల స్లైడ్లు చూపించాడు. అవన్నీ తన అంగం ఫోటోలే. ఇందులో శృంగార ఆలోచనలు కలవలేదని ఎలా నమ్మాలి? ఉపన్యాసం ఇస్తూ ఎవరికీ కోరిక పుట్టదు కదా అని, ఇక్కడికి వచ్చేముందే హోటల్ గదిలో ఇంజెక్షన్ చేసుకున్నానని చెప్పాడు. ప్యాంటు కిందకు లాగాడు. కావాలంటే పట్టుకుని చూసుకోండని మెట్లు దిగి ముందు వరసవైపు నడిచాడు. ఆడవాళ్లు కేకలు పెట్టేసరికి కంగారుపడి వెనక్కి వెళ్లి, ప్యాంటు లాక్కుని ఉపన్యాసం ముగించాడు.

చూసినవాళ్లు నలభై ఏళ్లయినా చెప్పుకునే ఘటన ఇది. అల్లరిని పక్కన పెడితే అందులో ఉన్న వాదన పదునైనది. కోరిక ఏమాత్రం లేకుండా, మనసును దాటేసి, కేవలం కండరాన్ని సడలిస్తే స్తంభన వస్తుంది.

సడలిస్తే. చాలామందికి తలకిందులుగా అర్థమయ్యే చోటు ఇదే. అంగం గట్టిపడటమంటే కండరం బిగుసుకోవడం అనుకుంటాం. జరిగేది దానికి ఉల్టా. మామూలు వేళల్లో అంగంలోని ధమనుల గోడల్లో, లోపలి స్పంజి గదుల గోడల్లో ఉన్న సన్నని కండరాలు బిగుసుకుని నెత్తురును తక్కువగా రానిస్తాయి. నరాలు సైగ చేయగానే ఆ కండరాలు వదులవుతాయి. గదులు నెత్తురుతో నిండుతాయి. ఉబ్బిన గదులు బయటకు పోయే సిరలను పైపొరకు అదిమి మూసేస్తాయి. వచ్చిన నెత్తురు పోలేక గట్టిదనం నిలుస్తుంది. ఆ సైగను మోసుకెళ్లేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని 1992లో రాజ్‌ఫర్, ఇగ్నారో బృందం మనిషి కణజాలం మీద చూపించింది. దీన్ని విడుదల చేసేవి నరాల చివళ్లు, రక్తనాళాల లోపలి పొర.

కారణాల చిట్టా అంతా ఇక్కడ ఒక చోటికి వస్తుంది. షుగర్ నరాన్నీ దెబ్బతీస్తుంది, ఆ లోపలి పొరనూ దెబ్బతీస్తుంది. పొగ, అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్ పొరను పాడుచేస్తాయి. ప్రొస్టేట్ ఆపరేషన్‌లో గ్రంథిని ఆనుకుని పోయే నరాలు తెగేవి. 1982లో పాట్రిక్ వాల్ష్ వాటిని తప్పించి కోసే పద్ధతి మొదలుపెట్టాడు. వెన్నుపాము దెబ్బతింటే సైగ దారిలోనే ఆగుతుంది. ఇక భయం? భయపడ్డప్పుడు ఊరే అడ్రినలిన్ ఆ కండరాలను బిగిస్తుంది. లాంజే ప్రభువుకు ఆ తెర వెనక జరిగింది అదే. మనసు వేరే లోకంలో పనిచేయడం లేదు, అదే కండరం మీద అదే తాడు లాగుతోంది. తపాలా బిళ్లలు అడిగిన ప్రశ్నలో ‘లేదా’ అన్న మాటే పొరపాటు.

1992 డిసెంబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణుల సమావేశం పేరు కూడా మార్చింది. ఇంగ్లిష్‌లో అంతవరకూ ఉన్న ‘ఇంపొటెంట్’ అన్న మాటకు ‘శక్తిహీనుడు’ అని అర్థం. మన ‘నపుంసకత్వం’ ఇంకా దారుణం, మనిషిని మగవాళ్ల జాబితాలోంచే కొట్టేసి వ్యాకరణంలోని మూడో లింగంలో పడేస్తుంది. కొత్త పేరు, అంగస్తంభన లోపం, మనిషి జోలికి పోకుండా జరగని పనిని మాత్రమే చెబుతుంది. తృప్తికరమైన కలయికకు చాలినంత స్తంభన రాకపోవడం లేదా నిలవకపోవడం, అదీ నిర్వచనం. మన పత్రికల్లో మాత్రం పాత మాట ఇంకా పోలేదు.

1994లో అమెరికాలో మసాచుసెట్స్ అధ్యయనం వచ్చింది. 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్లలో 52 శాతం మందికి ఎంతోకొంత సమస్య ఉందని తేల్చింది. ప్రకటనల వాళ్లు ఈ 52నే పట్టుకున్నారు. పూర్తిగా రానివాళ్లు మొత్తం మగవాళ్లలో పది శాతం లోపే. మిగతాది స్వల్పం, మధ్యస్థం.

గుండెనొప్పి కోసం ఫైజర్ కంపెనీ ఇంగ్లండ్‌లోని శాండ్‌విచ్‌లో తయారుచేసిన యూకే-92,480 అనే రసాయనం ఆ పనికి అంతగా అక్కరకు రాలేదు. ప్రయోగానికి వచ్చిన వలంటీర్లు మాత్రం వేరే ఫలితం చెప్పారు. నైట్రిక్ ఆక్సైడ్ సైగతో పుట్టి కండరాన్ని సడలించే రసాయనాన్ని విరిచేసే ఎంజైమును ఇది ఆపుతుంది. అంటే సైగ ఉంటేనే పని. కోరిక లేనివాడికి కోరిక పుట్టించదు. 1998 మార్చి 27న సిల్డెనాఫిల్, అదే వయాగ్రా, అమెరికాలో అనుమతి పొందింది.

అంతటితో తగువు తీరిందా? 2003లో వచ్చిన ఒక ఇటాలియన్ అధ్యయనం చూడండి. గుండెజబ్బు ఉన్న 96 మందికి అటెనలాల్ అనే మందు ఇచ్చారు. ఏ మందో చెప్పని గుంపులో 3.1 శాతం మందికి స్తంభన తగ్గింది. పేరు మాత్రమే చెప్పిన గుంపులో 15.6 శాతం. ‘ఇది వాడితే స్తంభన తగ్గొచ్చు’ అని కూడా చెప్పిన గుంపులో 31.2 శాతం. సమస్య వచ్చినవాళ్లకు సిల్డెనాఫిల్, ఉత్తుత్తి మాత్ర దాదాపు సమానంగా పనిచేశాయి.

ఇంకో ఇటాలియన్ బృందం, మోంటోర్సీ వాళ్లది, నాళాల వెడల్పు లెక్క చెప్పింది. అంగానికి వెళ్లే ధమని 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండె ధమని 3 నుంచి 4. ఒకే పూడిక రెండింటిలోనూ పేరుకుంటుంటే ముందు మూసుకుపోయేది సన్నది. గుండెనొప్పితో వచ్చినవాళ్లను వెనక్కి అడిగితే చాలామందికి అంతకు రెండు మూడేళ్ల ముందే అంగస్తంభన సమస్య మొదలైంది. సిగ్గుపడి చెప్పనివాళ్లూ, చాటుగా మాత్ర కొనుక్కున్నవాళ్లూ ఆ రెండు మూడేళ్లలోనే ఉన్నారు. అందుకే ఇప్పుడు ఈ ఫిర్యాదుతో వచ్చినవాళ్లకు మంచి డాక్టరు ముందు బీపీ చూస్తాడు, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు రాస్తాడు.

ఆ మాత్ర గురించి ఇంకొక్క మాట. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ నైట్రోగ్లిజరిన్‌తో డైనమైట్ చేసి డబ్బు సంపాదించాడు. చివరి రోజుల్లో గుండెనొప్పికి డాక్టర్లు అదే నైట్రోగ్లిజరిన్ రాశారు. విధి వైపరీత్యం చూశావా అని మిత్రుడికి ఉత్తరం రాశాడు. అది ఒంట్లోకి వెళ్లి నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి పనిచేస్తుందని కనిపెట్టినవాళ్లకు, వయాగ్రా వచ్చిన 1998లోనే, నోబెల్ బహుమతి ఇచ్చారు. నైట్రోగ్లిజరిన్, వయాగ్రా రెండూ ఒకే దారిలో నడిచే మందులు కాబట్టి కలిపి వేసుకుంటే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గుండెనొప్పి కోసం పుట్టిన మాత్ర, నాలుక కింద గుండెనొప్పి బిళ్ల పెట్టుకునేవాడు ముట్టకూడనిదైంది.