డైనోసార్లు పుట్టకముందు కోరలు చాచిన మృగం

ఈ మృగం బొమ్మ చూడగానే అందరూ డైనోసార్ అనేస్తారు. కాదు. ఇనోస్ట్రాన్సేవియా (నోరు తిరగకపోతే పర్లేదు, ఒక రష్యన్ భూగర్భ శాస్త్రవేత్త పేరు మీద పెట్టారు) తిరిగిన రోజులకి డైనోసార్లు ఇంకా పుట్టనేలేదు. ఇది గోర్గనోప్సియన్లనే వేటజంతువుల గుంపులోది, బల్లులకన్నా మనకే దగ్గరి చుట్టం. 2023లో ఇది దక్షిణాఫ్రికాలో తేలిందనే వార్త ఎందుకంత సంచలనమైందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1838లో దక్షిణాఫ్రికాలో రోడ్లు వేయించే ఆండ్రూ గెడెస్ బెయిన్‌కి కరూ అనే ప్రాంతపు రాళ్లలో రెండే కోరలున్న పుర్రెలు కనిపించాయి. అవి ఆకులు తినే జంతువులవి. వాటిని పరిశీలించింది లండన్‌లోని రిచర్డ్ ఓవెన్, డైనోసార్ అనే మాట పుట్టించినాయన. అసలు వేటగాడికి గోర్గనాప్స్ అని 1876లో పేరు పెట్టింది కూడా ఆయనే. ముందు పళ్లు, పక్కన పొడవాటి కోర, వెనక చిన్న పళ్లు, ఇలా వేరువేరుగా ఉన్న పళ్లు చూసి మృగదంతాల జంతువులన్నాడు, కానీ తీసుకెళ్లి సరీసృపాల్లోనే పడేశాడు. ‘క్షీరదాల్లాంటి సరీసృపాలు’ అనే ఆ తప్పు పేరు నూరేళ్లు దాటినా వదల్లేదు.

కణత మీద వేలు పెట్టి పళ్లు గట్టిగా బిగించండి, లోపల కండరం ఉబ్బుతుంది కదా, దానికి చోటిచ్చే రంధ్రం కంటి వెనక ఒక్కో వైపు ఒక్కటే ఉండటం మన వంశం గుర్తు. డైనోసార్ల వంశానిది రెండు రంధ్రాల లెక్క. గోర్గనోప్సియన్లకి ఉన్నది ఒక్కటే.

ఇక నాకు బాగా నచ్చే భాగం. వ్లదీమిర్ అమలీత్‌స్కీ అనే రష్యన్, తన దేశపు పెర్మియన్ (డైనోసార్లకు ముందటి కాలం) రాళ్లలోని మంచినీటి ఆల్చిప్పలు కరూలో దొరికేవాటిలాగే ఉన్నాయని గమనించి 1895లో రాశాడు. చిప్పలు ఒకటే అయితే జంతువులూ ఉండాలిగా అని ఉత్తర ద్వీనా నది ఒడ్డున వెతికి, 1899లో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టాడు. దొరికాయి! వాటిలో ఇనోస్ట్రాన్సేవియా కూడా ఉంది: అరవై సెంటీమీటర్ల పుర్రె, ఒక్కో కోర 12 నుంచి 15 సెంటీమీటర్లు, అందులో సగం దవడలోనే పాతుకుని ఉంటుంది. పాపం, ఆయన 1917లో పోయాడు, ఇనోస్ట్రాన్సేవియా వర్ణన అచ్చయింది 1922లో.

కరూ ఆధారంగా రష్యాలో వెతికితే దొరికిన జంతువు, వందేళ్ల తర్వాత కరూలోనే బయటపడింది, 2023 వార్త అదే. అప్పుడు ఖండాలన్నీ కలిసి పాంజియా అనే ఒకే మహాఖండం, అయినా అది దాదాపు 11 వేల కిలోమీటర్ల దూరం. కరూలోని పాత పెద్ద వేటజంతువులు అంతరించాక ఖాళీ అయిన చోటులోకి ఇది వచ్చింది. పెర్మియన్ చివర చాలా జీవులు తుడిచిపెట్టుకుపోయిన మహావినాశనం చుట్టూ ఇరవై లక్షల ఏళ్లలోపే పైస్థాయి వేటగాడి పీఠం నాలుగుసార్లు చేతులు మారిందని పరిశోధకుల అంచనా. అంటే విపత్తు ఒక్కరోజులో ఊడిపడలేదు, ముందే అంతా కదిలిపోయింది.

సైబీరియా అగ్నిపర్వతాల దెబ్బకి 25.2 కోట్ల ఏళ్ల కిందట గోర్గనోప్సియన్ల కథ ముగిసింది. మనం వాటి వారసులం కూడా కాదు, ఆ గండం గట్టెక్కిన సైనోడాంట్లనే చిన్నపాటి చుట్టాల వంశం మనది. గోర్గనోప్సియన్ల మొదలు మాత్రం ఇంకా వెనక్కి జరుగుతూనే ఉంది: 2024 డిసెంబర్‌లో స్పెయిన్‌లోని మయోర్కా దీవి నుంచి కుక్కంత గోర్గనోప్సియన్‌ని వర్ణించారు, వయసు 27 నుంచి 28 కోట్ల ఏళ్లు.