ఆయిల్‌లో ఇనుమెంత?

పాత ఇంజన్ ఎలా ఉందని అడిగితే మెకానిక్ ముందు డిప్‌స్టిక్ బయటికి లాగుతాడు. చివర అంటిన చుక్కని రెండు వేళ్ల మధ్య రుద్ది, నల్లగా ఉంటే పెదవి విరుస్తాడు. నిజానికి ఆ నలుపు చెప్పేది చాలా తక్కువ. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది గంటలకే మసి కలిసి నల్లబడుతుంది. మసిని ఎక్కడా పేరుకోనివ్వకుండా తనలో తేల్చి ఉంచడం ఆయిల్ పనే.

కంటికి కనబడని సంగతి వేరే ఉంది. ఇంజన్ తిరిగినంతసేపూ లోహం ఎంతో కొంత అరుగుతూనే ఉంటుంది. ఆ పొడిలో సన్నటిది ఫిల్టర్‌కి కూడా చిక్కకుండా ఆయిల్‌తో పాటే తిరుగుతుంది. ఆయిల్‌లో ఏ లోహం ఎంతుందో తేలిస్తే, ఇంజన్ విప్పకుండానే లోపల అరిగేదేమిటో ఊహించవచ్చు. 1940ల్లో అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండే రైల్వే తన డీజిల్ లోకోమోటివ్‌లకు ఈ పరీక్ష మొదలుపెట్టింది. 1950ల్లో ఆ దేశ నౌకాదళం విమాన ఇంజన్లకూ వాడింది.

పొయ్యి మంటలో ఉప్పు పడితే మంట పసుపు రంగుకు తిరగడం చూసే ఉంటారు. ఆ పసుపు సోడియంది. బాగా వేడెక్కితే ప్రతి మూలకమూ తనవైన రంగుల్లోనే వెలుగుతుంది. ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్ చేసేదీ ఇదే. ఆయిల్ చుక్కని విద్యుత్ స్పార్క్‌లో మండించి, వచ్చిన వెలుగుని విడదీసి, ఏ మూలకం ఎంతుందో పీపీఎంలో, అంటే పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో చెబుతుంది. 5 లీటర్ల ఆయిల్ బరువు సుమారు 4.3 కిలోలు. అందులో ఇనుము 20 పీపీఎం ఉందంటే మొత్తం కలిపి 86 మిల్లీగ్రాములే, గ్రాములో పదో వంతు కూడా కాదు!

ఒక్కో అంకెని విడిగా చూసి కంగారుపడితే లాభం లేదు, ఏది దేనితో కలిసి పెరిగిందో చూడాలి. దుమ్ములో, ఇసుకలో ఉండే సిలికాన్‌తో పాటు ఇనుము, అల్యూమినియం, క్రోమియం కూడా పెరిగాయనుకోండి. ఎయిర్ ఫిల్టర్ దగ్గరో, గొట్టం అతుకు దగ్గరో దుమ్ము లోపలికి పోయి లైనర్లనీ పిస్టన్లనీ రింగుల్నీ గీరేస్తోందని అనుమానించాలి. సిలికాన్ ఒక్కటే పెరిగితే ఈమధ్య మరమ్మతులో పూసిన సీలెంట్‌ది కావచ్చు. సోడియం, పొటాషియం కనబడితే కూలెంట్ లీకవుతోందేమో చూసుకోవాలి. వాటికి సీసం, రాగి తోడైతే బేరింగుల దాకా వచ్చిందన్నమాట. రాగి ఒక్కటే ఎక్కువైతే మాత్రం ఆయిల్ కూలర్ నుంచి కూడా రావచ్చు, వెంటనే టెన్షన్ పడక్కర్లేదు. చిక్కదనం పడిపోతే ఇంధనం కలుస్తోందేమో చూస్తారు.

దీన్ని రక్తపరీక్షతో పోల్చడం మామూలే. కానీ ఆ పోలిక ఒకచోట తప్పుదారి పట్టిస్తుంది. రక్తపరీక్షలో అందరికీ దాదాపు ఒకే హద్దులుంటాయి. ఇంజన్‌కి దాని పాత రిపోర్టులే హద్దు. అదైనా నడిచిన దూరంతో కలిపి చూడాలి. పోయినసారి 10,000 కిలోమీటర్లకు ఇనుము 40 పీపీఎం, ఈసారి 5,000కి 30. అంకె తగ్గింది కదా అని సంతోషిస్తే పొరపాటే. వెయ్యి కిలోమీటర్లకు 4 ఉండేది 6 అయింది! అందుకే ఒక్క రిపోర్టు చూసి ఇంజన్ దించేయమనేవాళ్ల మాట నేను నమ్మను.

పాత ఇంజన్లతో ఇంకో చిక్కుంది. అవి ఆయిల్ తాగుతాయి. మధ్యమధ్యలో లీటరు, రెండు లీటర్లు పోస్తూ ఉంటాం. కాలిపోయిన ఆయిల్‌తో కొంత లోహమూ పోతుంది, మిగిలినది కొత్త ఆయిల్‌లో పలచబడుతుంది. అలా బాగా అరిగిన ఇంజన్ కూడా రిపోర్టులో బుద్ధిమంతుడిలా కనబడగలదు. ఎప్పుడెంత పోశామో రాసిపెట్టుకోకపోతే ఆ అంకెలకు అర్థం లేదు. శాంపిల్ కూడా ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే, ధారలో మొదటిదీ చివరిదీ వదిలి నడిమిది పట్టాలి. అడుగున పేరుకున్న మడ్డిని సీసాలో పట్టి పంపితే వచ్చేది మడ్డి రిపోర్టే.

స్పెక్ట్రోమీటర్‌కి ఓ గుడ్డితనం కూడా ఉంది. సుమారు 5 నుంచి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన రేణువులు దానికి సరిగా ఆనవు. మెల్లగా అరిగేది దొరుకుతుంది గానీ, బేరింగ్ నుంచి పెచ్చు ఊడితే రిపోర్టు మామూలుగానే రావచ్చు. సిలిండర్లలో కంప్రెషన్ ఎంతుందో అది చెప్పనే చెప్పదు, దానికి గేజి పెట్టాల్సిందే.

పెచ్చుల సంగతి తేలాలంటే ఆయిల్ మార్చినప్పుడు తీసేసిన ఫిల్టర్ని కోసి, లోపలి మడతల కాగితం పరిచి వెలుతురులో చూడాలి. మెరిసే ముక్కలుంటే అయస్కాంతం దగ్గరపెట్టండి. అంటుకుంటే ఇనుమో ఉక్కో. అంటుకోకుండా కాగితం మీదే ఉండిపోతే అల్యూమినియమైనా, బేరింగ్ పూతైనా కావచ్చు. అప్పుడు ల్యాబ్ రిపోర్టు బాగానే వచ్చినా, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ విప్పి బేరింగులు చూడాల్సిందే.