మసమన్ కూర నుంచి హలాల్ ముద్ర దాకా: థాయ్‌లాండ్ బేరం పాతదే

బ్యాంకాక్‌లో ఏ సెవెన్ ఇలెవెన్ షాపులోకి వెళ్లి ఏ ప్యాకెట్ తిప్పి చూసినా వెనకవైపు చిన్న వజ్రం ఆకారంలో ఒక గుర్తు కనబడే అవకాశం బాగా ఎక్కువ. లోపల అరబీలో హలాల్ అని, కింద థాయ్ లిపి. బిస్కెట్లు, నూడుల్స్ కప్పులు, మిరపకాయ సాస్, చివరికి చేపల సాస్ సీసా మీద కూడా ఉంటుంది. ఇంతా చేసి ఆ దేశంలో ముస్లింలు ఐదు శాతం అటూ ఇటూ. మిగతావాళ్లలో దాదాపు అందరూ బౌద్ధులు, వాళ్ల వంటింట్లో పంది మాంసం మనింట్లో పప్పు అంత మామూలు. మరి ఇన్ని ముద్రలు ఎవరి కోసం?

ఎగుమతి కోసం అని చెప్పేస్తారు అందరూ. నిజమే. బ్రెజిల్ గల్ఫ్ దేశాలకు కోళ్లు అమ్మేదీ అందుకే, మన దేశం మలేషియాకు, ఈజిప్టుకు గేదె మాంసం పంపేదీ అలాగే. కానీ ఎగుమతి అన్న ఒక్క ముక్కతో థాయ్‌లాండ్ కథ తేలదు. అక్కడి రాజ్యానికి ముస్లిం వర్తకులతో బేరం ఈ ఇరవై ముప్పై ఏళ్లది కాదు, నాలుగు వందల ఏళ్లది. అందులో మన మచిలీపట్నం కూడా ఉంది.

17వ శతాబ్దం మొదట్లో షేక్ అహ్మద్ కూమీ అనే ఇరాన్ వర్తకుడు అప్పటి సయామ్ రాజధాని అయుత్థయకు వచ్చి స్థిరపడ్డాడు. వ్యాపారంలో పైకొచ్చి, రాజుగారి కొలువులో చేరి, పశ్చిమం నుంచి వచ్చే ఓడల వ్యవహారం చూసే స్థాయికి వెళ్లాడు. ముస్లింల పెద్దగా చులరాచ్చమొంత్రి అనే పదవి ఆయనతోనే మొదలైందంటారు, ఆ పదవి ఇప్పటికీ ఉంది. (ఆయన వంశంలో ఒక శాఖ తర్వాత బౌద్ధంలోకి మారి బున్నాగ్ కుటుంబంగా 19వ శతాబ్దంలో దేశాన్నే నడిపించింది, అది ఇంకో పెద్ద కథ.) 1656లో నారాయ్ రాజు గద్దె ఎక్కడానికి సాయం చేసినవాళ్లలో ఈ ఇరానీలూ ఉన్నారు. చిన్నప్పటి నుంచి వాళ్ల ఇళ్లకు రాకపోకలుండి, వాళ్ల తిండి మీద ఆయనకు మోజు పడిందని 1680లలో అక్కడికి వెళ్లిన ఇరాన్ రాయబార బృందంలోని లేఖకుడు రాసి పెట్టాడు.

అప్పట్లో ఇరాన్ నుంచి సయామ్‌కి దారి ఎక్కువగా గోల్కొండ మీదుగానే. కుతుబ్‌షాహీల ఓడరేవు మచిలీపట్నంలో ఓడ ఎక్కితే బంగాళాఖాతం దాటి ఇప్పటి బర్మాలో ఉన్న మెర్గూయ్ రేవులో దిగి, అక్కడి నుంచి అడవి దారిన కొండలు దాటి అయుత్థయ చేరేవాళ్లు. మన కోస్తా నుంచి అద్దకం బట్టలు వెళ్లేవి, సయామ్ నుంచి నమూనాలు పంపించి మరీ ఇక్కడ వేయించుకునేవాళ్లు. ఈ దారిలో గొడవలూ జరిగాయి. 1680లలో నారాయ్ రాజుకీ గోల్కొండకీ చెడినప్పుడు, మెర్గూయ్‌లో ఆయన కొలువు చేస్తున్న శామ్యూల్ వైట్ అనే ఇంగ్లిష్ వాడు అదే అదనుగా గోల్కొండ ఓడల్ని దోచుకున్నాడు. బట్టలు, మసాలాలు, వంటవాళ్లు, దొంగలు, అందరికీ దారి ఒకటే మరి.

ఆ రాకపోకల గుర్తు వంటింట్లో మిగిలిపోయింది. మసమన్ కూర సంగతి తీసుకోండి. ఆ పేరు ముసల్మాన్ అన్న మాట నుంచే వచ్చిందని చాలామంది ఒప్పుకుంటారు. అది అయుత్థయ కొలువులోని ఇరానీల వంటా, దక్షిణాది మలయ్ ముస్లింల వంటా అన్న వాదన మాత్రం తెగలేదు. దాల్చినచెక్క, లవంగం, యాలకులు, జీలకర్ర వేయించి నూరతారు. మామూలు థాయ్ కూరల్లో ఎండు మసాలాకి ఇంత పెత్తనం ఉండదు, అక్కడ పచ్చి గలంగా (అల్లం లాంటి దుంప), నిమ్మగడ్డి, ఆకులదే రాజ్యం. ఈ ఎండు మసాలా ముద్దలోకి నిమ్మగడ్డి, రొయ్యల ముద్ద, కొబ్బరిపాలు, చింతపండు వచ్చి చేరాయి, తర్వాత అమెరికా ఖండం నుంచి వచ్చిన వేరుశనగ, ఆలుగడ్డ కూడా. 1800 ప్రాంతంలో ఒక యువరాజు (తర్వాత రెండో రాముడిగా గద్దె ఎక్కింది ఈయనే) వంటల మీద పడవ పాట రాస్తూ మొదటే ఈ కూర పేరు ఎత్తాడు, జీలకర్ర వాసన వేసే ఈ కూర మింగిన మగవాడు దాన్నే కలగంటాడన్నట్టుగా. ఇదే పాటలో యాలకులు వేసి పరదేశం పద్ధతిలో వండిన అన్నం కూడా ఉంది. ప్రియురాలి చేతివంట అని పొగుడుతూ ముస్లిం వంటలు తలుచుకున్న బౌద్ధ యువరాజు, అది అప్పట్లో ఎవరికీ వింతగా అనిపించినట్టు లేదు.

ఖావ్ మొక్ గాయ్ అని ఇంకోటి ఉంది, అంటే కోడి బిర్యానీయే, పసుపు వేసిన అన్నం, పైన వేయించిన ఉల్లి, పక్కన పుల్లగా తియ్యగా ఉండే పచ్చ సాస్. మొక్ అంటే కప్పిపెట్టడం, పూడ్చడం. కోడిని అన్నం కింద పూడ్చి మగ్గబెడతారు కాబట్టి ఆ పేరు. మనవాళ్లు దమ్ అన్నారు, వాళ్లు పూడ్చడం అన్నారు. సాతే, అంటే పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం, పక్కన ఇచ్చే దోసకాయ ముక్కల్ని ఆజాట్ అంటారు, అది మన ఆచార్ అన్న మాటే. ఉత్తరాన చియాంగ్ మాయ్‌లో ఖావ్ సొయ్ నూడుల్స్ ప్రచారం కావడంలో చైనా యున్నాన్ నుంచి కంచరగాడిదల బిడారులతో వచ్చిన ముస్లింల చెయ్యి ఉంది.

ఇక దక్షిణం. అక్కడ పరిస్థితి వేరు. పట్టానీ ఒకప్పుడు మలయ్ సుల్తానుల రాజ్యం. 1909లో బ్రిటిష్‌వాళ్లతో చేసుకున్న ఒప్పందంలో సయామ్ కెలంతాన్, కెడా లాంటివి వదులుకుని పట్టానీని ఉంచుకుంది. బ్యాంకాక్ ముస్లింలు వర్తకులుగా, యుద్ధ ఖైదీలుగా, కొలువు ఉద్యోగులుగా వచ్చి కలిసిపోయినవాళ్లు. పట్టానీవాళ్లు ఎక్కడికీ రాలేదు, సరిహద్దే వాళ్ల మీదుగా వచ్చింది. ఫిబున్ ప్రధానిగా ఉన్నప్పుడు, అంటే 1930ల చివర, 40ల మొదట్లో, అందరూ థాయ్‌లా ఉండాలి అని మలయ్ బట్టలు, భాష మీద ఆంక్షలు పెట్టారు. ఆ తర్వాత 1945లో ప్రభుత్వం కాస్త తగ్గి, ఇస్లాం పోషణకు శాసనం తెచ్చి చులరాచ్చమొంత్రి పదవిని కొత్తగా నిలబెట్టింది. ఈసారి సున్నీ పెద్దమనిషికి ఇచ్చింది, అంతకుముందంతా షేక్ అహ్మద్ వంశపు షియాలదే. 1997లో ఇంకో చట్టం వచ్చింది. కేంద్ర ఇస్లామిక్ కమిటీ, దాని కింద రాష్ట్రాల కమిటీలు ఇప్పుడు ఆ చట్టం మీదే నడుస్తున్నాయి. ఆ వజ్రం ముద్ర ఇచ్చేది ఈ వ్యవస్థే. గమనించాల్సింది ఏంటంటే, ముద్ర పెత్తనం మతపెద్దలకు ఇచ్చి, పరీక్షలకూ ప్రచారానికీ డబ్బు మాత్రం ప్రభుత్వం పెడుతుంది. మలేషియాలో అయితే ముద్ర వేసేది కూడా ప్రభుత్వ శాఖే.

పరీక్షలు ఎందుకు అంటే 2001 మొదట్లో ఇండోనేషియాలో జరిగిన రగడ గుర్తు చేసుకోవాలి. అజినోమోటో పొడిలో పంది లేదు, కానీ దాన్ని తయారు చేసే సూక్ష్మజీవులను పెంచే మేతలో పంది నుంచి తీసిన ఎంజైమ్ వాడారని బయటపడింది. పెద్ద గొడవైంది, సరుకు వెనక్కి తీసుకున్నారు. కోడిని ఎవరు కోశారు అని చూస్తే సరిపోయే రోజులు పోయాయన్నమాట. జెలటిన్ ఎక్కడిది, నూనెలో పంది కొవ్వు కలిసిందా, సోయా సాస్‌లో ఆల్కహాల్ ఎంత, ఇవి కంటితో తేలే విషయాలు కావు. 2003లో థాయ్ ప్రభుత్వం డబ్బిచ్చి చులలాంకోర్న్ విశ్వవిద్యాలయంలో హలాల్ సైన్స్ సెంటర్‌కి పునాది వేసింది. దాన్ని నిలబెట్టిన శాస్త్రవేత్త వినయ్ దహ్లాన్. 1912లో ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో ముహమ్మదియా అనే ముస్లిం సంస్థ పెట్టిన అహ్మద్ దహ్లాన్‌కి ఈయన మనవడు, తండ్రి థాయ్‌లాండ్‌లో స్థిరపడ్డారు. ఒక బౌద్ధ దేశపు రాజు పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయంలో కూర్చుని పంది డీఎన్ఏ జాడ వెతకడం ఉద్యోగం, నాకైతే ఈ కథలో అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది అదే.

అదే కాలంలో థాయ్ ప్రభుత్వం తమది ప్రపంచపు వంటిల్లు అని ప్రచారం మొదలుపెట్టింది. అంతా సాఫీగా పోతుందనుకుంటే 2004లో రెండు దెబ్బలు. ఒకటి బర్డ్ ఫ్లూ, సౌదీ సహా చాలా దేశాలు థాయ్ కోడిని ఆపేశాయి. సౌదీతో అయితే అప్పటికే చెడి ఉంది. 1989లో అక్కడి యువరాజు భవనంలో పనిచేసే థాయ్ పనివాడు ఒకడు దాదాపు 90 కిలోల నగలు ఎత్తుకొచ్చాడు, తిరిగి ఇచ్చిన నగల్లో చాలావరకు నకిలీవని తేలింది, బ్యాంకాక్‌లో సౌదీ దౌత్యవేత్తలను కాల్చి చంపారు. ఎవరు చేయించారో ఇప్పటికీ తేలలేదు. సంబంధాలు పూర్తిగా అతుక్కోవడానికి 2022 జనవరి దాకా పట్టింది, ఆ మార్చిలోనే కోళ్ల మీద నిషేధం ఎత్తేశారు. పద్దెనిమిదేళ్లు! ముద్ర ఉంది, ల్యాబ్ ఉంది, కానీ పెద్ద గిరాకీ ఉన్న ఒక దేశం తలుపు మాత్రం మూసే ఉంది.

రెండో దెబ్బ దక్షిణంలో. 2004 జనవరిలో నరాథివాట్ సైనిక శిబిరం మీద దాడితో మలయ్ వేర్పాటువాదుల తిరుగుబాటు మళ్లీ రాజుకుంది, ఏప్రిల్‌లో క్రూసే మసీదులో చేరిన తిరుగుబాటుదారులను సైన్యం చంపింది, అక్టోబర్‌లో తాక్ బాయ్‌లో పట్టుకున్న నిరసనకారులు సైనిక లారీల్లో పదుల సంఖ్యలో చనిపోయారు. పట్టానీలో హలాల్ పారిశ్రామిక వాడ కట్టి అక్కడి కుర్రాళ్లకు పని ఇస్తాం అన్న పథకం కాగితం మీద బాగానే ఉంది. బాంబులు పేలే చోట ఫ్యాక్టరీ ఎవడు పెడతాడు? ఏళ్లు గడిచినా అది నిలదొక్కుకోలేదు. హలాల్ సరుకు మటుకు పెరుగుతూనే పోయింది, కాకపోతే చాలావరకు బ్యాంకాక్ చుట్టుపక్కల, మధ్య థాయ్‌లాండ్‌లో, పెద్ద పెద్ద కంపెనీల ఫ్యాక్టరీల్లో. యజమానులు ఎక్కువగా చైనా మూలాలున్న థాయ్ కుటుంబాలు. ఇది తప్పని అనను, వ్యాపారం తెలిసినవాళ్లు వాళ్లు. కానీ దక్షిణాదికి బాగు చేస్తుందని చెప్పి మొదలుపెట్టిన మాటలు, ఎగుమతి లెక్కలు చెప్పేటప్పుడు వినబడకుండా పోతాయి.

ఈ లోగా ఇంకో రకం చిరాకు కూడా పుట్టింది. 2016లో చియాంగ్ మాయ్ దగ్గర హలాల్ పారిశ్రామిక వాడ అనగానే అక్కడి బౌద్ధ సంఘాలు వీధిలోకి వచ్చాయి, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మా డబ్బుతో వాళ్ల ముద్ర ఎందుకన్నది వాళ్ల మాట. తమాషా ఏంటంటే తిండి మీద మతం గుర్తు వాళ్లకేం కొత్త కాదు. ఏటా చైనా పద్ధతి శాకాహార పండగ తొమ్మిది రోజులూ వీధి బండ్లన్నీ ఎర్ర అక్షరాల పసుపు జెండాలు కట్టుకుంటాయి, దానికి ఎవరూ గొడవ చెయ్యరు.

ప్రభుత్వం మళ్లీ ఉత్సాహంగానే ఉంది. 2028కల్లా ఈ ప్రాంతానికి హలాల్ కేంద్రం అవుతామని 2024లో అప్పటి ప్రధాని స్రెత్థా ప్రభుత్వం ప్రకటించింది. పక్కన ఇండోనేషియాలో హలాల్ సర్టిఫికెట్ తప్పనిసరి చేసే చట్టం విడతలవారీగా అమల్లోకి వస్తోంది, అక్కడి ముస్లింలకు సరుకు అమ్మాలంటే వేరే దారి లేదు.

బ్యాంకాక్ సందుల్లో రోటీ బండ్లవాళ్లు మాత్రం ఈ గోల ఏదీ పట్టించుకోరు. వాళ్లలో చాలామంది ముస్లింలే, దక్షిణాది నుంచి, బర్మా వైపు నుంచి వచ్చినవాళ్లు. మైదా ముద్దను గాలిలో తిప్పి పల్చగా చేసి, వెన్న మీద వేసి, అరటిపండు ముక్కలు మడిచిపెట్టి, పైన తియ్యటి డబ్బా పాలు ఒలకబోస్తారు. కొనేవాళ్లలో ఎక్కువమంది బౌద్ధులు. బండి మీద వజ్రం గుర్తు ఉండదు, సర్టిఫికెట్ ఫీజు కట్టి కాగితాలు చూపించే తీరిక వాళ్లకెక్కడిది. అడగాల్సిన ముస్లిం ఎవరైనా వస్తే బండివాడి నెత్తి మీది టోపీ చూసి, సలాం చెప్పి, రెండు కట్టించుకుని పోతాడు.