నాలుగు రోజులకోసారి నీళ్లు: 1967 నాటి హాంకాంగ్

హాంకాంగ్ భవిష్యత్తుపై వ్యాపారుల నమ్మకం ఏనాడూ అక్కడి పాలకుల చేతిలో పూర్తిగా లేదు. 1842లో హాంకాంగ్ ద్వీపాన్ని, 1860లో దాని ఎదురుగా ఉన్న కౌలూన్‌ను చైనాతో శాశ్వతంగా రాయించుకున్న బ్రిటన్, వాటికి ఉత్తరాన ఉన్న న్యూ టెరిటరీస్‌ను మాత్రం 1898లో 99 ఏళ్ల లీజుకే తీసుకుంది. అంటే వలస భూభాగంలో అత్యధిక భాగానికి గడువు 1997లో తీరిపోతుంది.

ఆ నమ్మకానికి పెద్ద పరీక్ష 1967లో ఎదురైంది. చైనాలో మావో రేపిన రాజకీయ ఉద్యమం, సాంస్కృతిక విప్లవం, రగులుతోంది. పొరుగున ఉన్న మకావులో పోర్చుగీసు పాలకులు ఆ జనవరిలోనే ఆందోళనకారులకు తలొగ్గారు. మే నెలలో సాన్ పో కాంగ్‌లోని ఒక ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీలో తలెత్తిన కార్మిక వివాదం వీధి పోరాటంగా మారింది. దీన్ని కేవలం సరిహద్దు అవతలి నుంచి వచ్చిన చిచ్చుగా చూడటం నా దృష్టిలో అన్యాయం. అంతకు ముందు ఏడాది స్టార్ ఫెర్రీ మొదటి తరగతి టికెట్‌పై ఐదు సెంట్ల పెంపునకే కౌలూన్ భగ్గుమందంటే, చాలీచాలని కూలీతో, ఇరుకు గదుల్లో బతికే జనం ఎంత విసిగి ఉన్నారో అర్థమవుతుంది.

అయితే ఆ ఆగ్రహాన్ని హాంకాంగ్‌లోని చైనా అనుకూల వామపక్ష నాయకత్వం బాంబుల దాకా తీసుకెళ్లింది. జనం 'పైనాపిల్' అని పిలిచిన నాటు బాంబులు రోడ్ల మీద కనిపించేవి. వాటిలో నిజమైనదేదో, ఉత్తుత్తిదేదో దగ్గరికి వెళితే గానీ తెలిసేది కాదు. ఆగస్టులో నార్త్ పాయింట్‌లో ఒక చిన్న పాప, ఆమె తమ్ముడు బాంబుకు బలయ్యారు. ఆ అల్లర్లలో మొత్తం 51 మంది చనిపోయారు. కరవు కూడా తోడవడంతో జూలై నుంచి కుళాయిలకు నాలుగు రోజులకోసారి, నాలుగు గంటలే నీళ్లు వచ్చేవి. చైనాలోని డాంగ్‌జియాంగ్ నది నుంచి అదనపు నీటి కోసం హాంకాంగ్ ఎదురుచూడాల్సి వచ్చింది. ఉన్నవాళ్లు ఆస్తులు తెగనమ్ముకుని వలస వెళ్లారు. 1964లో 100గా లెక్కకట్టిన హాంకాంగ్ షేర్ మార్కెట్ సూచీ హాంగ్‌సెంగ్ ఆగస్టు 31న 58.61కి పడిపోయింది.

చైనా మాత్రం హాంకాంగ్‌ను స్వాధీనం చేసుకోలేదు. దానికి రావలసిన విదేశీ మారకంలో గణనీయమైన భాగం ఆ రేవు ద్వారానే వచ్చేది మరి.

1997 గడువుపై బ్రిటన్, చైనాల మధ్య చర్చలు మొదలయ్యాక పాత భయం తిరిగొచ్చింది. హాంకాంగ్ డాలరు విలువ పడిపోయి, 1983 సెప్టెంబరు 24న ఒక అమెరికన్ డాలరుకు 9.6 హాంకాంగ్ డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది; దుకాణాల్లో బియ్యం, నూనె కోసం జనం ఎగబడ్డారు. అక్టోబరు 17న ప్రభుత్వం ఆ మారకాన్ని 7.8 దగ్గర కట్టేసింది. ఆ భయంలో వేసిన ముడి, 1997లో హాంకాంగ్ చైనా చేతికి వెళ్లి జెండా మారిన తర్వాత కూడా విప్పలేదు.